కొత్త చదువుల సైటుకు విజ్ఞానసర్వస్వంలో చోటెప్పుడు?

“ఈ సైటు చాలా బాగుంది. పాఠాలన్నీ ఉచితం. ప్రకటనలు లేవు. ఎంతోమంది పిల్లలు చదువుకుంటున్నారు. మరి దీనికి వికీపీడియాలో పేజీ ఎందుకు ఉండకూడదు?”

వికీపీడియాలో కొత్త వ్యాసాలను పరిశీలించే మాలాంటి వాళ్లకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. అడిగేవాళ్లు చాలావరకు మంచి ఉద్దేశంతోనే అడుగుతారు. ఆ సైటులో చదివి బాగుపడినవాళ్లో, రాత్రింబవళ్లు కూర్చుని దాన్ని తయారుచేసినవాళ్లో అయ్యుంటారు. వాళ్లు చెప్పిన నాలుగు మాటలూ నిజమే కావచ్చు. కానీ పేజీ పెట్టాలా వద్దా అన్నది ఆ నాలుగింటిలో దేనిమీదా ఆధారపడదు. చిక్కంతా అక్కడే. ఇప్పుడే వద్దని చెబితే “అంటే మా సైటు బాగాలేదంటారా?” అని నొచ్చుకుంటారు. నిజానికి బాగుందా లేదా అన్న సంగతి జోలికే ఎవరూ వెళ్లలేదు.

తికమకకు సగం కారణం మాటలోనే ఉంది. తెలుగు వికీపీడియాలో దీన్ని “విషయ ప్రాముఖ్యత” అంటారు. ప్రాముఖ్యత అనగానే గొప్పతనం, ఉపయోగం, పేరు ప్రఖ్యాతులు గుర్తొస్తాయి. వికీపీడియాలో ఆ మాటకున్న అర్థం అంత పెద్దది కాదు. ఒక విషయం గురించి, దానితో సంబంధం లేనివాళ్లు, నమ్మదగిన చోట, తగినంత వివరంగా ఇప్పటికే రాసి ఉన్నారా? చూసేది ఇదొక్కటే. రాసి ఉంటే పేజీకి దారి ఉంటుంది. లేకపోతే సైటు ఎంత మంచిదైనా ఆగాల్సిందే.

ఇది అన్యాయంగా అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించేది. తర్వాత ఒక పని చేసి చూశాను. బయటివాళ్లెవరూ రాయని ఒక సైటు గురించి వ్యాసం రాయడానికి కూర్చున్నాను. వికీపీడియాలో సొంత అభిప్రాయం రాయకూడదు, సొంత పరిశోధన పెట్టకూడదు. ప్రతి వాక్యం వెనకా ఎక్కడో అచ్చయిన ఆధారం ఉండాలి. ఉన్న ఆధారమల్లా ఆ సైటు “మా గురించి” పేజీ. కాబట్టి మొదలుపెట్టిన తేదీ, వ్యవస్థాపకుల పేర్లు, పాఠాల సంఖ్య, యాప్ ఉందన్న విషయం, లక్ష్యాలు రాశాను. చివరికి చూసుకుంటే అది వాళ్ల బ్రోషర్‌కు నకలు. పాఠాల్లో తప్పులున్నాయా, ఏ వయసు పిల్లలకు పనికొస్తాయి, పిల్లల వివరాలు సైటు ఎలా వాడుకుంటుంది, వాడిన టీచర్లు ఏమన్నారు అన్న ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో జవాబు లేదు.

ఆ పేజీ చదివేది ఎవరు? పిల్లల్ని అందులో చేర్పించాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లో తండ్రో. సైటు తన గురించి తాను చెప్పుకున్నది చదివితే వాళ్లు జాగ్రత్తగానే చదువుతారు. అదే సమాచారం విజ్ఞానసర్వస్వంలో కనిపిస్తే ఎవరో పరిశీలించి రాశారని నమ్ముతారు. ఆ నమ్మకానికి తగిన ఆధారం లేనప్పుడు పేజీ పెట్టడమే తప్పు. ఈ నియమం ఉన్నది చదివేవాళ్ల కోసమని నా గట్టి అభిప్రాయం.

ఈ నియమం పెట్టింది చోటు చాలక కాదు. అచ్చు విజ్ఞానసర్వస్వమైన బ్రిటానికా చివరి ముద్రణ 2010లో 32 సంపుటాలుగా వచ్చింది. 2012లో ఇక అచ్చు వేయబోమని ప్రకటించారు. అలాంటి పుస్తకంలో ఒకటి చేర్చాలంటే మరొకటి తీసేయాలి. 2001 జనవరి 15న మొదలైన వికీపీడియాకు ఆ ఇబ్బంది లేదు. అక్కడ తక్కువగా ఉన్నది మనుషుల సమయం. సైట్లు ఊరికే మారిపోతుంటాయి. ఉచితం అన్నది డబ్బులకు మారుతుంది, యజమాని మారతాడు, ఒకరోజు సైటే తెరుచుకోదు. బయటివాళ్లు రాయని సైటు పేజీని సరిచేయడానికి ఎవరికీ ఆధారం దొరకదు. అది పాతబడిపోయి తప్పు సమాచారంగా మిగిలిపోతుంది.

తొమ్మిది మూలాల కథ

నియమం వినడానికి తేలిక. అసలు పని మూలాలను, అంటే వ్యాసానికి ఆధారంగా చూపినవాటిని, ఒక్కొక్కటిగా తెరిచి చదవడం దగ్గర మొదలవుతుంది. లెక్కలు నేర్పే ఒక సైటు మీద వచ్చిన చిత్తుప్రతి నాకు బాగా గుర్తుంది. సైటు మొదలై ఏడాది కూడా కాలేదు. వ్యాసం కింద తొమ్మిది మూలాలున్నాయి. పైపైన చూస్తే గట్టి వ్యాసమే అనిపిస్తుంది.

మొదటి రెండూ ఆ సైటులోని పేజీలే. మూడు, నాలుగు, ఐదు వేర్వేరు వార్తా సైట్లలో వచ్చిన కథనాలు. శీర్షికలు కూడా వేరు. మూడోది చదివాక నాలుగోది తెరిస్తే ఎక్కడో చదివినట్టే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పిల్లల్లో లెక్కల భయం పోగొట్టడం గురించి వ్యవస్థాపకుడు చెప్పిన ఒక పొడవాటి వాక్యం, కామాలతో సహా, రెండింటిలోనూ ఒకటే. ఐదోదాంట్లోనూ అదే. మూడూ రెండు రోజుల తేడాలో వచ్చాయి. ఎక్కడా విలేకరి పేరు లేదు. ఒకదాని అడుగున చిన్న అక్షరాల్లో, ఈ కథనంతో సంపాదక విభాగానికి సంబంధం లేదని రాసి ఉంది. మూడు మూలాలనుకున్నది నిజానికి ఒక్క ప్రెస్ నోట్. ఆ నోట్ రాసింది సైటు వాళ్లే.

ఆరోది వ్యవస్థాపకుడి ఇంటర్వ్యూ. పత్రిక మంచిదే, అడిగిన విలేకరి పేరూ ఉంది. కానీ ప్రశ్నలు రెండేసి పంక్తులు, మిగతాదంతా ఆయన మాటలే. తన సైటు గురించి తను చెప్పుకున్నది ఎక్కడ అచ్చయినా స్వతంత్రమైన మూలం కాదు. విలేకరి తనంతట తాను విషయాలు సేకరించి, ఇంకొందరిని కలిసి, ఇంటర్వ్యూకు ముందు నాలుగు పేరాల విశ్లేషణ రాసి ఉంటే ఆ నాలుగు పేరాలు లెక్కలోకి వచ్చేవి. ఏడోది ఇంట్లో చదువుకోవడానికి పనికొచ్చే సైట్ల జాబితా. అందులో దీని గురించి ఉన్నది రెండు వాక్యాలు. ఎనిమిదోది ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం పెట్టిన లింకుల పేజీ. పేరు తప్ప ఇంకేమీ లేదు.

తొమ్మిదోది తెరిచేసరికి ప్రాణం లేచొచ్చింది. ఉపాధ్యాయుల పత్రికలో ఒక టీచర్ రాసిన సమీక్ష అది. ఒక టర్మ్ అంతా తన తరగతిలో ఆ సైటును వాడి చూసి రాశారు. బొమ్మలతో కూడికలు నేర్పిన తీరు పిల్లలకు నచ్చిందట. భిన్నాల పాఠం మాత్రం మరీ తొందరగా ముగిసిందని, పిల్లలు అభ్యాసాల దగ్గర ఆగిపోయారని, తప్పు జవాబు పెట్టినప్పుడు ఎందుకు తప్పో సైటు చెప్పడం లేదని రాశారు. ఈ విషయాలు ఏ ప్రెస్ నోట్‌లోనూ దొరకవు. మిగతా ఎనిమిది మూలాలు కలిపినా ఈ ఒక్క సమీక్షకు సరితూగవు.

అయినా ఆ చిత్తుప్రతిని వ్యాసంగా మార్చలేదు. ఒక్క సమీక్ష మీద పేజీ మొత్తం నిలబెడితే ఒక్కరి అనుభవమే ప్రపంచం అభిప్రాయంగా కనిపిస్తుంది. ఇలాంటివి ఇంకో రెండుంటే వెంటనే సరేననేవాళ్లం. అందుకే తొలగింపు చర్చల్లో “మీకున్న వాటిలో మూడు మంచి మూలాలు చూపించండి” అని అడగడం అలవాటైంది. మూడు అన్నది నియమం కాదు. కానీ ముప్ఫై లింకులు పెట్టినవాళ్లను బాగా దారిలో పెట్టే ప్రశ్న అది. గట్టి మూలాలు నిజంగా ఉన్నవాళ్లు క్షణం ఆలోచించకుండా మూడింటినీ చూపిస్తారు.

ఒక్క మాట. స్వతంత్ర మూలం అంటే విమర్శించే మూలం అని కాదు. పేజీ నిండా మెచ్చుకున్నా ఫరవాలేదు, మెచ్చుకున్న మనిషికి సైటుతో లాభనష్టాలు లేకపోతే చాలు.

కొత్తదైతే తప్పా?

కొత్తదన్న కారణంతో ఏ సైటునూ పక్కన పెట్టరు. కొత్త వాటి గురించి బయటివాళ్లు రాయడానికి సాధారణంగా సమయం పడుతుంది, అంతే తేడా. అమెరికాలోని ఎమ్.ఐ.టి. విశ్వవిద్యాలయం తన కోర్సుల పాఠ్య సామగ్రిని అందరికీ ఉచితంగా ఇస్తానని 2001 ఏప్రిల్‌లో ప్రకటించింది. సైటు ప్రయోగాత్మకంగా తెరుచుకున్నది 2002లో. ఆ ఓపెన్‌కోర్స్‌వేర్ పథకం గురించి, ఇంకా సైటే లేని రోజుల్లో, పెద్ద పత్రికలు రాశాయి. ఫీజులు వసూలు చేసే విశ్వవిద్యాలయం పాఠాలు ఊరికే ఇస్తే ఏమవుతుందన్న చర్చ మొదలైంది. అలాంటి దానికి వయసుతో పనిలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ, వీడియోలతో ఉచితంగా పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీ. దాని వ్యవస్థాపకుడు సల్మాన్ ఖాన్ (సినిమా నటుడు కాదు) తన బంధువుల అమ్మాయికి దూరం నుంచే లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది 2004లో. యూట్యూబ్‌లో వీడియోలు పెట్టింది 2006లో. 2008లో లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. 2010లో ఫార్చ్యూన్ పత్రిక ప్రత్యేక కథనం రాసింది, అదే ఏడాది సెప్టెంబరులో గూగుల్ 20 లక్షల డాలర్లు ఇచ్చింది. 2006 నాటి వీడియోలు 2010 నాటి వీడియోల కంటే తీసికట్టేమీ కాదు. పాఠం అదే, చెప్పే గొంతు అదే. కానీ 2006లో ఎవరైనా విజ్ఞానసర్వస్వంలో పేజీ పెట్టబోతే అందులో రాయడానికి బయటి మాట ఒక్కటీ దొరికేది కాదు. నాలుగేళ్ల తర్వాత కావలసినంత దొరికింది. ఇప్పుడు తిరస్కరణ ఎదురైన సైటు వాళ్లకు నేను ఈ నాలుగేళ్ల సంగతే చెబుతుంటాను. “ఇప్పుడు కాదు” అంటే “ఎప్పటికీ కాదు” అని అర్థం కాదు.

చదువుల సైట్లకే వచ్చే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. వాటి గురించి వార్తాపత్రికల్లో కంటే పరిశోధన పత్రాల్లో ఎక్కువ కనిపిస్తుంది. మామూలుగా పరిశోధన పత్రం మంచి మూలం. అయితే ఇక్కడ రెండు విషయాలు చూడాలి. మొదటిది, పత్రం సైటు గురించా, లేక సైటును పనిముట్టుగా వాడి చేసిన ఇంకో పని గురించా? వందమంది విద్యార్థులకు ఫలానా సైటులో పరీక్ష పెట్టామని రాస్తే అది ఆ సైటు గురించి రాసినట్టు కాదు. రెండోది, రాసిందెవరు, డబ్బు పెట్టిందెవరు? సైటు తయారుచేసిన ప్రొఫెసరే పత్రం రాయడం చాలా మామూలు విషయం. అందులో తప్పేమీ లేదు, కానీ అది స్వతంత్రం కాదు.

కొన్నిసార్లు గీత అంత స్పష్టంగా ఉండదు. బడుల్లో ఖాన్ అకాడమీ వాడకం మీద ఎస్.ఆర్.ఐ. ఇంటర్నేషనల్ అనే పరిశోధన సంస్థ 2014లో ఒక నివేదిక ఇచ్చింది. అధ్యయనానికి డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఖాన్ అకాడమీకి విరాళాలిచ్చిన వాళ్లలోనూ గేట్స్ ఫౌండేషన్ ఉంది. నివేదికను పనికిరాదని పారేయనక్కర్లేదు, అధ్యయనం చేసింది వేరే సంస్థే. కాకపోతే వ్యాసంలో దాన్ని వాడినప్పుడు డబ్బు ఎవరిదో కూడా చెప్పాలి. ఖాన్ అకాడమీకి ఇతర మూలాలు కుప్పలుగా ఉన్నాయి కాబట్టి ఈ ఒక్కదాని మీద పేజీ ఆధారపడదు. చిన్న సైటుకు ఉన్నది ఇలాంటి నివేదిక ఒక్కటే అయితే మాత్రం ఆలోచించాలి.

అంకెలు, పెద్ద పేర్లు

“మాకు లక్షల మంది వాడుకరులున్నారు” అన్నది తరచూ వినిపించే వాదన. ఆ లెక్క చెప్పేది సైటు వాళ్లే. ఒకసారి వచ్చి వెళ్లిపోయినవాళ్లనూ రోజూ వచ్చేవాళ్లనూ కలిపేశారో విడదీశారో బయటివాళ్లకు తెలియదు. ఒకప్పుడు అలెక్సా ర్యాంకు చూపించేవాళ్లు, అంటే ఆదరణను బట్టి సైట్లకు అలెక్సా అనే సేవ ఇచ్చే స్థానం. వికీపీడియాలో సైట్ల వ్యాసాల పక్కనుండే సమాచారపెట్టెల్లోనూ ఆ ర్యాంకు ఉండేది. 2022 మే 1న ఆ సేవే మూతపడింది. ఏ ర్యాంకు చూపించినా వచ్చే ప్రశ్న ఒకటే: ఆ అంకెను బట్టి వ్యాసంలో ఎన్ని వాక్యాలు రాయగలం? ఒక్కటి. ఆదరణ బాగా ఉంటే ఎవరో ఒకరు దాని గురించి రాసి ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి వెతకడానికి అదొక సూచన. అంతకుమించి అంకెకు బలం లేదు.

అవార్డుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పేరున్న, స్వతంత్రమైన అవార్డు వస్తే అది నిజంగా బలమే. దరఖాస్తు ఫీజు కట్టిన ప్రతివాళ్లకూ ఏదో ఒక విభాగంలో ఇచ్చే అవార్డులూ ఉన్నాయి. ఆ అవార్డు గురించి, ఇచ్చినవాళ్లు తప్ప ఇంకెవరైనా రాశారా అని వెతికితే తేడా తెలిసిపోతుంది.

ఇక పెద్ద పేర్లు. ప్రఖ్యాత శాస్త్రవేత్త మొదలుపెట్టిన సైటు, పేరున్న విశ్వవిద్యాలయం నడిపే సైటు, పెద్ద సంస్థ డబ్బు పెట్టిన సైటు అంటూ వస్తాయి. తల్లిదండ్రుల పేరు పిల్లలకు సంక్రమించినట్టు ప్రాముఖ్యత సంక్రమించదు. ఇలాంటప్పుడు మంచి మధ్యేమార్గం ఉంది. ఆ శాస్త్రవేత్త గురించో విశ్వవిద్యాలయం గురించో పేజీ ఉంటే, అందులో ఈ సైటు గురించి ఒక పేరా రాసి, సైటు పేరుతో వెతికితే నేరుగా ఆ పేజీకే వెళ్లేలా దారిమార్పు పెట్టవచ్చు. వెతికిన పాఠకుడికి సమాచారం దొరుకుతుంది. రేపు మూలాలు పెరిగితే ఆ పేరా విడి పేజీ అవుతుంది. ఈ మార్గాన్ని ఇంకా ఎక్కువగా వాడాలని నాకనిపిస్తుంది. “ఉంచాలి”, “తీసేయాలి” అని రెండు పక్షాలుగా వాదించుకుంటూ చాలాసార్లు దీన్ని మరిచిపోతాం.

సైటు వెనక కంపెనీ ఉంటే ఆంగ్ల వికీపీడియాలో నియమాలు ఇంకాస్త కఠినంగా ఉంటాయి. పెట్టుబడి వచ్చిందనీ, కొత్త అధికారి చేరారనీ, ఫలానా సంస్థతో ఒప్పందం కుదిరిందనీ వచ్చే రోజువారీ వార్తలు లెక్కలోకి రావు. ఎన్ని వచ్చినా అంతే. ఫోర్బ్స్ అనే వ్యాపార పత్రిక సైటులో బయటి రచయితలు రాసే కాంట్రిబ్యూటర్ కథనాలను కూడా అక్కడ సాధారణంగా నమ్మదగిన మూలంగా తీసుకోరు. పత్రిక పేరు పెద్దదైనా వాటికి పత్రిక సిబ్బంది కథనాలకున్నంత సంపాదకుల పరిశీలన ఉండదు.

నిర్ణయం ఎవరిది?

ఒక్కరిది కాదు. ఏ ప్రాముఖ్యతా ఉన్నట్టు వ్యాసంలో మాటమాత్రంగానైనా లేకపోతే, లేదా అది పచ్చి ప్రకటనలా ఉంటే, నిర్వాహకులు త్వరగా తొలగించవచ్చు. సందేహం ఉన్న వాటిమీద చర్చ పెడతారు. ఆంగ్ల వికీపీడియాలో అది మామూలుగా ఏడు రోజులు నడుస్తుంది. చాలామంది దీన్ని ఓటింగ్ అనుకుని స్నేహితులను పోగేసి “ఉంచాలి” అని రాయిస్తారు. దానివల్ల నష్టమే ఎక్కువ. చర్చను ముగించేవాళ్లు తలలు లెక్కపెట్టరు, ఎవరు ఏ ఆధారం చూపించారో చూస్తారు. ఇరవై మంది “మంచి సైటు” అన్నదానికంటే ఒకరు వెతికి తెచ్చిన రెండు సమీక్షల బరువు ఎక్కువ. ఆ ఒకరు మనమే ఎందుకు కాకూడదు? తొలగించాలని రాసేముందు నేనూ ఒకసారి వెతకడం బాధ్యత అనుకుంటాను. మూలాలు వ్యాసంలో లేకపోవడం వేరు, ప్రపంచంలోనే లేకపోవడం వేరు. నిర్ణయం రెండోదాన్ని బట్టి ఉండాలి. మూలం ఏ భాషలో ఉన్నా పనికొస్తుంది, నెట్‌లో లేని అచ్చు పత్రికైనా పనికొస్తుంది.

ఈ పద్ధతిలో నిజమైన లోపం ఒకటుంది, దాన్ని దాచకూడదు. ప్రపంచం ఎవరి గురించి రాయలేదో వాళ్లు విజ్ఞానసర్వస్వంలోనూ కనిపించరు. 2018 మే నెలలో డోనా స్ట్రిక్‌ల్యాండ్ అనే భౌతిక శాస్త్రవేత్త గురించి వచ్చిన చిత్తుప్రతిని, తగిన మూలాలు చూపలేదని ఆంగ్ల వికీపీడియాలో తిరస్కరించారు. అదే ఏడాది అక్టోబర్ 2న ఆమెకు నోబెల్ వచ్చింది. సైట్లకూ ఇదే జరుగుతుంది. పత్రికలు తక్కువగా ఉన్న భాషలో పాఠాలు చెప్పే సైటు, వినికిడి లోపం ఉన్న పిల్లల కోసం సైగల భాషలో నేర్పే సైటు ఎంత మంచి పని చేసినా సమీక్షించేవాళ్లు దొరకరు. దీనికి మందు నియమం సడలించడం అనుకోను. సడలిస్తే ముందు లోపలికొచ్చేది ప్రచారానికి డబ్బున్న సైట్లే. అలాంటి సైట్లను వాడి చూసి, ఉపాధ్యాయ పత్రికల్లో, విద్యా పత్రికల్లో వివరంగా రాసేవాళ్లు పెరగాలి. పరిశీలించే మేమూ ఆ భాష తెలిసినవాళ్లను అడగకుండా “మూలాలు దొరకలేదు” అని రాయకూడదు.

సైటు నడిపేవాళ్లకు చెప్పాల్సింది కొంత ఉంది. మీ సైటు గురించి మీరే పేజీ రాయకండి. రాయాలనిపిస్తే చిత్తుప్రతిగా పెట్టి, మీకున్న సంబంధం చెప్పి, వేరేవాళ్లను చూడమనండి. డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఆ సంగతి బయటపెట్టాలని 2014 నుంచి, వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వాడుక నిబంధనల్లోనే ఉంది. పేజీ వస్తే గూగుల్‌లో సైటు పైకొస్తుందన్న ఆశతో వచ్చేవాళ్లూ ఉంటారు. వికీపీడియా నుంచి బయటికి వెళ్లే లింకులను సెర్చ్ ఇంజన్లు లెక్కించవద్దని చెప్పే గుర్తు 2007 నుంచే ఆంగ్ల వికీపీడియాలో అన్ని లింకులకూ ఉంది. పేజీ ఒకసారి వచ్చిందంటే అది మీ చేతిలో ఉండదన్నదీ గుర్తుంచుకోండి. రేపు పాఠాల్లో తప్పులున్నాయని ఒక పత్రిక రాస్తే అదీ అందులోకి వస్తుంది, మీరు తీసేయలేరు.

చివరగా, నన్ను ఎక్కువమంది అడిగే ఇంకో ప్రశ్న: సైటు మూతపడితే పేజీ తీసేస్తారా? తీసేయరు. ప్రాముఖ్యత ఒకసారి వస్తే పోదు. గూగుల్ 2008లో అందరికీ తెరిచిన నోల్ అనే సైటులో ఎవరికి తెలిసిన విషయం మీద వాళ్లు వ్యాసాలు రాసేవాళ్లు. 2012లో దాన్ని మూసేశారు. ఇప్పుడు ఆ చిరునామాలో ఏమీ లేదు. కానీ అది నడిచిన రోజుల్లో బయటివాళ్లు దాని గురించి రాసినవి ఉన్నాయి కాబట్టి వికీపీడియాలో దాని పేజీ అలాగే ఉంది. “ఉంది” అన్నచోట “ఉండేది” అని మార్చారు, అంతే.